గృహస్థు జమాఖర్చు: ఇల్లు కట్టేటప్పుడు కంటికి కనపడని ఖర్చు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి నేను ఒక్కటే చేశాను, మా అమ్మాయిది. ఇల్లు మాత్రం రెండుసార్లు కట్టాల్సి వచ్చింది. మొదటిది సరిగ్గా కట్టి ఉంటే రెండోదాని అవసరం వచ్చేది కాదు. ఈసారి శీర్షికలో ఆ సంగతే రాస్తున్నాను.

కిందటి సంచికలో ఇంటి అప్పుల గురించి రాసినది చదివి హోసూరు నుంచి ఒకరు, బళ్ళారి నుంచి ఒకరు ఫోను చేశారు. ఇద్దరి ప్రశ్నా ఇంచుమించు ఒకటే. "అప్పు మంజూరయిందండీ. ఇప్పుడు కింద మార్బుల్ వేయించమంటారా, గ్రానైటా, టైల్సా?" బ్యాంకులో ముప్పై ఏళ్ళకు పైగా పని చేస్తున్నాను. నా బల్ల ముందు కూర్చుని ఈ ప్రశ్న అడిగినవారికి లెక్క లేదు. "ఇసుక ఎక్కడి నుంచి తెప్పించమంటారు?" అని అడిగినవారు మాత్రం నాకు గుర్తున్నంతలో ఒక్కరూ లేరు. వారిని అని ఏం లాభం? 1998లో నేనూ అడగలేదు.

ముందే మనవి చేసుకుంటాను. నేను బి.కాం. చదివినవాణ్ణి, ఇంజనీరును కాను. ఇక్కడ రాసేదంతా ఇంజనీర్ల దగ్గర, మేస్త్రీల దగ్గర నేర్చుకున్నది, సొంత డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నది. మీ ఊళ్ళో మీ ఇంజనీరు చెప్పిన మాటే మీకు ప్రమాణం.

మాది బరంపురం. తాతగారి నాటి ఇల్లు పొడుగాటి వరస ఇల్లు. వీధి గుమ్మంలో నిలబడితే పెరట్లో నూతిగట్టు దాకా కనపడేది. ఆ ఇంట్లో నా వాటాకు వచ్చిన డబ్బు, బ్యాంకువారిచ్చిన స్టాఫ్ లోను కలిపి 1998లో ఊరి చివర స్థలంలో ఇల్లు కట్టాను. కామర్సు చదివిన బుద్ధి ఊరుకోదు కదా, ప్రతి పైసా ఒక ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది.

ఆ రోజుల్లో నా తెలివితేటల మీద నాకు గొప్ప నమ్మకం. ఇసుక లారీకి రెండు వందలు తక్కువకు దొరికిందని సంబరపడ్డాను. ఆ ఇసుక ఎక్కడిదో ఆరా తీయలేదు. మిగిలిన డబ్బు ముందు గదిలో నున్నటి రాయికి, బాత్రూంలో తళతళలాడే టైల్సుకు పెట్టాను. దుకాణంలో ఆ టైల్సు పక్కనే గరుకు రకం కూడా ఉంది. చదరపు అడుక్కి రెండు రూపాయలు తక్కువే. "అవి పశువుల శాలకు వేసేవాటిలా ఉన్నాయి" అన్నాను. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా బాత్రూం చూసి మెచ్చుకున్నారు. పుస్తకంలో ఆ పద్దు ఇప్పటికీ చదువుకోవచ్చు: బాత్రూం టైల్సు, 3,420 రూపాయలు.

2016 సంక్రాంతి వెళ్ళింది. ముక్కనుమ నాటి తెల్లవారుజామున మా అమ్మ స్నానానికి వెళ్ళి ఆ టైల్సు మీద జారి పడింది. తలుపు లోపలికి తెరుచుకునేది. లోపల గడియ పెట్టి ఉంది. మేం గట్టిగా తోస్తే పైగడియ ఊడేదేమో గాని, అమ్మ పడింది సరిగ్గా తలుపు వెనకే. "తలుపు తొయ్యకు బాబూ, నా కాలు అడ్డం ఉంది" అని లోపలి నుంచి అంటోంది. వడ్రంగిని నిద్ర లేపి తీసుకొచ్చి, తలుపు పై పలక కోయించి, మా అబ్బాయిని అందులోంచి లోపలికి దించేసరికి నలభై నిమిషాలు పట్టింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు. ఆ తర్వాత ఆవిడ ఎవరి సాయమూ లేకుండా నడవలేదు. మరుసటి ఏడు కార్తీకంలో పోయింది.

డాక్టరుగారు వయసన్నారు, ఎముకల్లో బలం లేదన్నారు. అవీ నిజమే. నేను మాత్రం ఆ ఎర్ర అట్ట పుస్తకం తీసి ఆ పద్దు చూసుకున్నాను. గరుకు టైల్సు కొని ఉంటే ఖర్చు పెరిగేది కాదు, మూడు వందల చిల్లర తగ్గేది. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టమంటే వడ్రంగి ఒక్క పైసా ఎక్కువ అడిగేవాడు కాదు. అప్పుడు తెలిసింది నాకు, జాగ్రత్తకు ఎప్పుడూ ఎక్కువ డబ్బు అవసరం లేదని. ముందుగా అడిగే మనిషి ఉంటే చాలు.

ఇక ఆ చవక ఇసుక సంగతి. 2021లో శ్లాబు అడుగున పెచ్చులు ఊడిపడడం మొదలయింది. ఇంజనీరు వచ్చి సుత్తితో నాలుగు చోట్ల కొట్టి చూశాడు. లోపల ఊచలు తుప్పు పట్టి, సన్నబడి ఉన్నాయి. ఊచ కింద కాంక్రీటు గోరంత మందం కూడా లేదు. "ఇసుక ఉప్పుదండీ. సముద్రపు కయ్యల వైపు నుంచి తెచ్చి ఉంటారు" అన్నాడు. సంగతేమిటంటే, మంచి కాంక్రీటులో క్షారగుణం ఉంటుంది. దాని వల్ల ఇనుము మీద సన్నటి పొర ఏర్పడి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఉప్పు ఆ పొరను తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, ముందున్న దానికి రెండు మూడింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగులుతుంది. పగుళ్ళలోంచి తేమ చేరి తుప్పు ఇంకా పెరుగుతుంది. పైన ఎన్ని రంగులు వేసినా ఆ జబ్బు నయం కాదు. చివరకు ఇల్లు పడగొట్టి, 2022లో మళ్ళీ పునాది తీశాం. రెండోసారి ఏ వస్తువు ఎలా ఎంచుకున్నానో వరసగా చెబుతాను.

ఇసుక, నీళ్ళు, సిమెంటు

ఈసారి ఇసుక రుషికుల్య నదిలో, సముద్రపు పోటు తగలని ఎగువ రేవు నుంచి తెప్పించాం. మొదటి లారీ దిగగానే ఒక గాజు సీసాలో సగం ఇసుక పోసి, నీళ్ళు నింపి, బాగా కుదిపి, మూడు గంటలు కదపకుండా ఉంచాం. ఇసుక అడుగుకు దిగుతుంది, ఒండ్రు మట్టి దాని పైన పొరగా తేరుతుంది. ఆ పొర ఇసుక మందంలో నూటికి ఎనిమిది పాళ్ళు మించితే ఆ లారీ వెనక్కి పంపడమే మంచిదన్నాడు మా ఇంజనీరు. ఈ పరీక్షకు ఖర్చు లేదు, ఇంట్లో ఆడవారూ పిల్లలూ కూడా చేయవచ్చు. ఉప్పు పరీక్ష మాత్రం ల్యాబులోనే చేయించాలి. సముద్రానికి దగ్గరలో ఉన్న యానాం, గోపాలపురం, చెన్నై పాఠకులు దీన్ని మరిచిపోవద్దు. కొన్ని ఊళ్ళలో ఇప్పుడు నది ఇసుక బదులు రాతిని పొడి చేసిన ఎం-శాండు దొరుకుతోంది. మంచి క్వారీదయితే అదీ పనికొస్తుంది. క్రషరు దగ్గర మిగిలిన దుమ్మును ఎం-శాండు అని అమ్మేవారితోనే జాగ్రత్తగా ఉండాలి.

నీళ్ళకు సూత్రం చిన్నది. మనం తాగగలిగిన నీళ్ళే కాంక్రీటుకూ మంచివి. నూతి నీళ్ళు ఉప్పగా ఉంటే ఇనుము ఉన్న ఏ పనికీ అవి వాడవద్దు.

సిమెంటు దగ్గర చాలామంది 43, 53 అని అంకెలు చూసి, పెద్ద అంకె ఉంటే గొప్ప అనుకుంటారు. ఆ అంకె నిర్ణీత రోజులకు ఆ సిమెంటుకు వచ్చే బలాన్ని చెబుతుంది. 53 రకం త్వరగా బలం పుంజుకుంటుంది, వేడీ ఎక్కువ పుట్టిస్తుంది. నీళ్ళు సరిగ్గా కట్టకపోతే పగుళ్ళు వస్తాయి. ఉప్పు గాలి తగిలే మా వైపు, బూడిద కలిపిన పి.పి.సి. గాని, కొలిమి స్లాగు కలిపిన పి.ఎస్.సి. గాని మేలన్నారు. అవి నిదానంగా గట్టిపడినా, లోపలికి ఉప్పును అంత తేలిగ్గా పోనివ్వవు. ఏ రకమైనా సంచీ మీద తయారైన వారం, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. మూడు నెలలు నిలవ ఉన్న సిమెంటు బలం చెప్పుకోదగినంత తగ్గుతుంది. సంచీ చేత్తో నొక్కితే గడ్డలు తగిలితే తీసుకోవద్దు.

అన్నిటికంటే చవకైన వస్తువు, అందరూ ఎగ్గొట్టేదీ కూడా, పోసిన కాంక్రీటుకు నీళ్ళు కట్టడం. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పి.పి.సి., పి.ఎస్.సి. రకాలకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదని మన దేశపు ప్రమాణం. ఎండ మండే రోజుల్లో మామూలుదానికి 10, ఈ రకాలకు 14 రోజులు. మా శ్లాబు మీద మట్టిగట్లు కట్టి నీళ్ళు నిలిపాం. పొద్దున్న బ్యాంకుకు వెళ్ళే ముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి నేనే మెట్లెక్కి చూసేవాణ్ణి. మా ఆవిడ కాలెండరు మీద రోజుకో గీత పెట్టేది.

ఇనుము

ఇనుము దగ్గరకొచ్చేసరికి నా కామర్సు చదువు కొంత పనికొచ్చింది. ఒక లెక్క చెబుతాను, రాసి పెట్టుకోండి. ఊచ మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే, ఒక మీటరు ఊచ ఎన్ని కిలోలుండాలో వస్తుంది. 12 ఎం.ఎం. ఊచకు 144ను 162తో భాగిస్తే 0.889. మామూలుగా ఊచ పొడవు 12 మీటర్లు. అంటే ఒక్కొక్కటి సుమారు 10 కిలోల 660 గ్రాములు తూగాలి. 8 ఎం.ఎం. అయితే మీటరుకు 0.395 కిలో. కొద్ది శాతం తేడాను ప్రమాణాలే ఒప్పుకుంటాయి. అంతకు మించి తక్కువ తూగితే, ఆ ఊచ పేరుకు 12 గాని నిజానికి 12 కాదు. ఊచల లెక్కన కొనేవారు ఇక్కడే మోసపోతారు. నేను దుకాణంలో అయిదు ఊచలు విడిగా కాటా పెట్టించాను. షావుకారు నవ్వి, "బ్యాంకువారు కదా" అన్నాడు.

ఊచ మీద తయారీదారు పేరు, రకం ముద్ర ఉండాలి. మేం ఎఫ్.ఇ. 500డి తీసుకున్నాం. ఆ చివరి 'డి' అక్షరానికి అర్థం, విరిగే ముందు ఎక్కువ సాగే గుణం. భూమి కదిలినప్పుడు ఆ గుణమే మనిషికి బయటపడే వ్యవధి ఇస్తుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు నిజమైనదో కాదో తెలుసుకోవాలంటే, ఆ గుర్తు దగ్గరున్న లైసెన్సు నంబరును బి.ఐ.ఎస్. కేర్ అనే ఫోను యాప్‌లో కొట్టి చూడవచ్చు. సిమెంటుకూ కరెంటు తీగలకూ కూడా ఇదే పద్ధతి.

ఊచ కట్టే రోజు మా మేస్త్రితో చిన్న పేచీ వచ్చింది. అతనిది ఇచ్ఛాపురం వైపు, పనిలో చెయ్యి తిరిగినవాడు. ఊచల కింద కంకర రాళ్ళు పెట్టబోయాడు.

"బిళ్ళలు తెప్పించాను కదా మేస్త్రీ" అన్నాను.

"నలభై ఏళ్ళ నుంచి రాళ్ళే పెడుతున్నాను బాబూ. ఏ ఇల్లు పడిపోనాది?"

"నాదే పడిపోయింది" అన్నాను.

అతను ఇంకేమీ అనలేదు. బిళ్ళలే పెట్టాడు. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తొక్కితే కంకర రాయి పక్కకు జరిగిపోతుంది, ఊచ చెక్కకు ఆనుకుంటుంది. మన పాత ఇంట్లో జరిగింది అదే. కాంక్రీటు బిళ్ళ అయితే కదలదు. శ్లాబుకు మామూలు చోట్ల కనీసం 20 ఎం.ఎం., స్తంభాలకు 40 ఎం.ఎం. కాంక్రీటు ఊచ బయట ఉండాలి. సముద్రపు గాలికి ఇంకా ఎక్కువ కావాలి, ఎంతన్నది ఇంజనీరు చెప్పాలి. స్తంభాల రింగుల కొక్కెం కూడా లోపలికి బాగా, అంటే 135 డిగ్రీలు వంచమని పట్టుబట్టండి. ఊరికే మూల మడిచిన రింగు ఊపుకు విడిపోతుంది.

షోలాపురం పాఠకులకు 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజాము గుర్తుండే ఉంటుంది. కిల్లారి భూకంపంలో వేలమంది పోయారు. బురదతో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటి మీద బరువైన మట్టి కప్పులు కూలడమే అందుకు ముఖ్య కారణం. గోడ మందం చూసి ధైర్యం తెచ్చుకోకూడదని ఆ ఊళ్ళు చెప్పాయి. గోడలన్నిటినీ ఒక కట్టుగా బిగించే కాంక్రీటు పట్టీ ఉండాలి. కిటికీల పైన, ఇల్లంతా చుట్టి వచ్చేలా లింటలు పట్టీ వేయించండి. కిటికీ ఉన్న చోట మాత్రమే వేసి ఊరుకోవద్దు.

కరెంటు

ఎం.సి.బి. ఉంది కదా, షాకు కొట్టదు అనుకునేవారు చాలామంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఎం.సి.బి. తీగ కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. దాని పని మా బ్యాంకు క్యాషు కౌంటరులాంటిది. వెళ్ళిన కరెంటు ఎంత, తిరిగి వచ్చినది ఎంత అని ఎప్పటికప్పుడు సరిచూస్తూ ఉంటుంది. తేడా వచ్చిందంటే ఆ కరెంటు మరో దారిన, బహుశా ఒక మనిషి ఒంట్లోంచి, భూమిలోకి పోతోందన్నమాట. 30 మిల్లీ ఆంపియర్ల రకం అయితే ఆ మాత్రం తేడాకే రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. ఇళ్ళకు ఆ రకమే పెట్టించండి. దాని మీద టెస్టు బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడాలి. జీతం పడిన రోజున నొక్కడం నాకు అలవాటు. ఆర్.సి.సి.బి. ఉందని ఎర్తింగు మానేయవద్దు, రెండూ కావాలి.

తీగలు రాగివి, ఐ.ఎస్.ఐ. గుర్తువి. మా ఎలక్ట్రీషియను లైట్లకు 1.5, మామూలు పవర్ ప్లగ్గులకు 2.5, గీజరుకూ ఏ.సి.కీ 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేశాడు. గోడలు పూసేయక ముందే, పైపులు ఎటు వెళ్ళాయో ప్రతి గోడకూ ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత మేకు కొట్టేటప్పుడు ఆ ఫోటోలు ప్రాణం కాపాడతాయి.

బాత్రూము, మెట్లు, కటకటాలు

బాత్రూము తలుపు ఈసారి బయటికి తెరుచుకుంటుంది. గడియ అవసరమైతే బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగల రకం. టైల్సు దుకాణంలో ఒక చెంబుడు నీళ్ళు అడిగి, టైలు మీద పోసి, చెప్పులు విప్పి నిలబడి చూశాను. కుర్రాడు వింతగా చూశాడు. చూడనివ్వండి. పొడి టైలు మీద ఎవరూ జారిపడరు కదా! పట్టుకోవడానికి గోడకు స్టీలు కమ్మీలు రెండు, ఒకటి కమోడు పక్కన, ఒకటి స్నానం చేసే చోట. గోడ పూయకముందే వాటి చోటు నిర్ణయించుకోవాలి. మనిషి బరువంతా మోసేవి కనుక గుల్ల ఇటుకలో ఊరికే మేకులు దిగ్గొడితే ఆగవు. రాత్రంతా వెలిగే చిన్న దీపం ఒకటి. గ్యాసు గీజరు మాత్రం బాత్రూములో పెట్టవద్దు. తలుపులు మూసిన చిన్న గదిలో అది విషవాయువు పుట్టిస్తుంది. ఆ వాయువుకు వాసన ఉండదు.

మెట్లన్నీ ఒకే ఎత్తు ఉండాలి. మా పాత ఇంట్లో గచ్చు మందం లెక్కలోకి తీసుకోక మొదటి మెట్టు పొట్టిదయింది. అక్కడ తడబడని చుట్టం లేడు. మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు దాటకుండా, కాలు పెట్టే వెడల్పు 25కు తగ్గకుండా చూడండి. డాబా పిట్టగోడ మీటరుకు తగ్గకూడదు. బాల్కనీ కమ్మీల మధ్య సందు 10 సెంటీమీటర్లు మించితే పసిపిల్లల తల దూరుతుంది. అడ్డ కమ్మీలు పెడితే పిల్లలకు అవే నిచ్చెన. మాకు నాలుగేళ్ళ మనవరాలుంది కనుక నిలువు కమ్మీలే పెట్టించాం.

దొంగల భయంతో కిటికీలన్నిటికీ కటకటాలు బిగించేస్తాం. మంటలు లేచిన రోజున మనమే అందులో ఖైదీలం. పడక గదుల్లో ఒక్కొక్క కటకటం తలుపులా తెరుచుకునేలా చేయించి, తాళంచెవి కిటికీ పక్కనే, బయటివారి చెయ్యి అందని చోట తగిలించాం. గ్యాసు సిలిండరు వంటింటి బయట గూట్లో ఉంటుంది. మన సిలిండరు గ్యాసు గాలి కంటే బరువు, లీకయితే నేల మీద పరుచుకుంటుంది. అందుచేత ఆ గూటికి గాలి పోయే సందు కింద ఉండాలి. పైన పెడితే ప్రయోజనం లేదు.

తుఫాను

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మా పక్కనే గోపాలపురం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లు మించింది. ఒడిశాలో ముందుగానే సుమారు పది లక్షల మందిని సురక్షిత స్థలాలకు తరలించారు కనుక 1999 నాటి ఘోరం మళ్ళీ జరగలేదు. మేం ఇంట్లోనే ఉన్నాం. మెట్ల గది మీది రేకులు మొదటి గంటలోనే లేచిపోయాయి. మెట్ల దారిన వాన నీళ్ళు పడక గదిలోకి వచ్చాయి. డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు తెల్లారి చూస్తే వీధి మొగలో ఉంది. అది ఎవరి నెత్తిన పడకపోవడం మా అదృష్టం. ఇప్పుడు మెట్ల గదికీ శ్లాబే వేశాం. ట్యాంకును ఇనుప పట్టీలతో దిమ్మెకు బిగించాం. తుఫాను హెచ్చరిక రాగానే ట్యాంకు నిండా నీళ్ళు నింపుతాం. నిండిన ట్యాంకును గాలి అంత తేలిగ్గా కదపలేదు, తర్వాత కరెంటు లేని రోజుల్లో ఆ నీళ్ళే ఆధారం.

జమాఖర్చు

ఇంతకీ దీనికంతా ఎంతయింది అంటారు. ఎర్ర అట్ట పుస్తకం పక్కన ఇప్పుడు నీలం అట్ట పుస్తకం ఉంది. పరీక్షలు, బిళ్ళలు, ఆర్.సి.సి.బి., కమ్మీలు, తెరుచుకునే కటకటాలు, మెట్ల గది శ్లాబు, అన్నీ కలిపి లక్షకు కొంచెం పైన. 20 ఏళ్ళ అప్పు, 8.5 శాతం వడ్డీ అనుకుంటే లక్షకు నెలకు 868 రూపాయల వాయిదా. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందంటే, ముందు గది గ్రానైటు నుంచి. మా ఆవిడ చాలా ఏళ్ళుగా ఆశపడ్డ గ్రానైటు అది. నేను అడగడానికి జంకుతున్నాను. ఆవిడే ఒక రాత్రి, "దేవుడి గదికి వేయించండి చాలు. మిగతాది ఆ ఖాతాలో రాసెయ్యండి" అంది. ఏ ఖాతా అని నేను అడగలేదు.

బ్యాంకు మనిషిగా రెండు మాటలు. శ్లాబు పడింది, గోడలు లేచాయి అని మా ఇంజనీరు ఇచ్చే నివేదిక చూసి మేం విడతల వారీగా డబ్బు విడుదల చేస్తాం. ఆ నివేదిక పని ఎంతవరకు వచ్చిందో చెబుతుంది. ఇసుకలో ఉప్పుందో లేదో చెప్పదు. "బ్యాంకువారు చూశారు కదా" అని ధీమాగా ఉండవద్దు. మీ తరఫున చూసే ఇంజనీరుకు కొంత రుసుము ఇచ్చి, పునాది రోజున, ఊచ కట్టిన రోజున, శ్లాబు పోసే రోజున తప్పక రమ్మనండి. రెండోది బీమా. అప్పుతోపాటు తీసుకునేది తరచు అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి బీమా, ఇంటికి కాదు. రెండూ వేరు. ఇంటికి భారత్ గృహ రక్ష అనే ఒకే తరహా పాలసీని 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు ఇస్తున్నాయి. అగ్ని, తుఫాను, వరద, భూకంపం అన్నీ అందులో వస్తాయి. బీమా మొత్తం మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చును బట్టి ఉండాలి. స్థలం ధర అందులో కలపవద్దు. ఏ తుఫానూ స్థలాన్ని ఎత్తుకుపోదు.

2023 మాఘమాసంలో గృహప్రవేశం చేశాం. వచ్చినవారిలో ఇసుకను మెచ్చుకున్నవారు ఎవరూ లేరు, ఉండరు కూడా. ఒక చుట్టం బాత్రూము చూసి, "ఈ కమ్మీలేమిటోయ్, ఆసుపత్రిలాగా!" అన్నాడు. సాయంత్రం మా పెద్దమ్మ స్నానం చేసి వచ్చింది. ఎనభై రెండేళ్ళు. తుడుచుకుంటూ, "ఆ గోడకు కడ్డీ ఎవరు పెట్టించారో గాని, పట్టుకుందుకు బాగుంది బాబూ" అంది. ఆ కమ్మీల ఖరీదు రెండూ కలిపి 1,850 రూపాయలు. నీలం పుస్తకంలో ఉంది.

హోసూరు, బళ్ళారి మిత్రులకు నా జవాబు ఇదే. ముందు గదిలో మీకు నచ్చిన రాయి వేయించుకోండి, నాకే అభ్యంతరమూ లేదు. బాత్రూము టైలు మాత్రం కొనే ముందు దుకాణంలోనే తడిపి, చెప్పులు విప్పి నిలబడండి. వీలైతే మీ ఇంట్లో పెద్దవారిని కూడా తీసుకెళ్ళి, పక్కన చెయ్యి పట్టుకుని నిలబెట్టండి. వారు సరేనన్నదే కొనండి.

వచ్చే సంచికలో: వీలునామా ఎందుకు రాయాలి, ఎలా రాయాలి.